వాహన జీర్ణోద్ధరణము



మేడ్చలులో మా యింటి ముంగిట పరచిన షాబాదు బండలలో, గేటునకు ఎడమవైపునున్న మూడవ బండమీద, అరచేయంత నల్లని మరక యొకటి కలదు. ప్రతిదినము ఉదయమున ముగ్గు వేయుటకై వచ్చిన నా అర్ధాంగి ఆ మరకను జూచి, దానిపై నిలిచియున్న కారును జూచి, పిమ్మట వాకిట కుర్చీలో పత్రిక చదువుకొనుచున్న నన్ను జూచును. ఆమె నోరు విప్పదు, విప్పనక్కరయు లేదు. పందొమ్మిది సంవత్సరములుగా మమ్ములను మోసిన ఆ వాహనము చమురు కార్చుచున్నదనియు, దానిని బాగుచేయించుటయో, సాగనంపి మరియొకదానిని తెచ్చుటయో ఏదో యొకటి తేల్చవలసిన కాలము వచ్చినదనియు, ఆ తేల్చుట నాకు ఇంతవరకు చేతకాలేదనియు ఆ చూపులోనే యున్నది.

ఈ చిక్కు నా యొక్కనిది కాదు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములు నేడు కాలనీలతోను, కళాశాలలతోను, మందుల పరిశ్రమలతోను నిండిపోయినవి. ఒకప్రక్క నాగపురమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి, మరియొక ప్రక్క కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి, ఆ రెంటిని అడ్డముగా కలుపుచు 158 కిలోమీటర్ల చుట్టుకొలత గల ఔటర్ రింగురోడ్డు. ఈ మూడింటి నడుమ కాపురముండువారికి ఇంటినుండి బస్సు ఆగుచోటికి చేరుటయే యొక ప్రయాణము. కాబట్టి ఇచ్చట కారు ఐశ్వర్యమునకు గుర్తుగా గాక, పాడిగేదె వలె సంసారమునకు ఆధారముగా వచ్చి చేరినది. ఆ గేదె యొట్టిపోవు సూచనలు కన్పించినప్పుడు ఇంటివారేమి చేయవలెనన్నదే నేటి నా ప్రసంగ విషయము.

మా కారు 2007లో కొన్న చిన్న పెట్రోలు కారు. దాని నంబరు పలక ఇప్పటికిని ‘ఏపీ’ అక్షరములతోనే మొదలగును. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట కొన్నది గనుక ఎదురింటివారి బండికి ‘టీఎస్’. 2024 మార్చి తరువాత కొన్నది గనుక పక్కింటి యువకుని బండికి ‘టీజీ’. సాయంకాలము ఈ మూడును వీధిలో ఒక వరుసలో నిలిచినప్పుడు మా ప్రాంతపు ఇటీవలి చరిత్రను ఆ పలకలమీదనే చదువుకొనవచ్చును. కారు కొన్ననాడు మేడ్చలు రంగారెడ్డి జిల్లాలోనిది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వెలసినది. పిదప ఆ జిల్లా కలెక్టరు కార్యాలయము శామీర్‌పేట మండలములోని కొత్త భవనమున కొలువుదీరినది. రాష్ట్రము మారినది, జిల్లా మారినది; మా బండి మాత్రము అదే పలకతో అదే బండమీద నిలిచియున్నది.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతకారు రిజిస్ట్రేషనునకు ఆయుర్దాయము 15 సంవత్సరములు. ఆ గడువు తీరిన పిమ్మట బండిని రవాణా కార్యాలయమునకు తీసికొనిపోయి, తనిఖీ చేయించి, అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. మా బండికి 2022లో ఆ ముహూర్తము వచ్చినది. అంతకుముందు ఆరువందల రూపాయలున్న రుసుము ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీనుండి 5,000 రూపాయలైనది. నేను ఏప్రిల్ దాటిన పిమ్మట పోవుటచేత ఆ వృద్ధిని అనుభవించితిని. ఆనాడు జరిగిన ఒక చిన్న పని నా మనస్సులో నిలిచిపోయినది. ఇంజను మూత తెరచి, లోపలి రేకుమీద చెక్కిన చేసిస్ నంబరుపై పలుచని కాగితమునుంచి, పెన్సిలు మొన నడ్డముగా పట్టి మెల్లగా రుద్దగా, బూడిదవన్నె నేలమీద తెల్లని అక్షరములు ఒక్కొక్కటిగా పైకి తేలినవి. చిన్ననాడు రూపాయినాణెముపై కాగితముంచి రుద్దిన ఆటవలెనే యుండెను. ప్రభుత్వము దృష్టిలో మా కారనగా ఆ కాగితమే. చక్రములు కావు, గద్దెలు కావు, రంగు కాదు. ఆ రేకుమీది అంకెలు.

వెనుకటికి యవనరాజైన మిలిందునితో నాగసేనుడను భిక్షువు వాదించుచు, నీవెక్కి వచ్చిన రథమేదని ప్రశ్నించి, చక్రమా రథము, ఇరుసా రథము, నొగయా రథమని యొక్కొక్కటిగా తీసివేయుచు, తుదకు రథమనునది పేరే గాని వస్తువు కాదని తేల్చెనట. ఆ భిక్షువు మా రవాణా కార్యాలయమునకు వచ్చియున్నచో వారతనికి పెన్సిలు కాగితమునిచ్చి పంపియుందురు.

ఇక సలహాదారుల సంగతి. పక్కింటి యువకుడు సాఫ్టువేరు ఉద్యోగి, సహృదయుడు. అతడు ప్రహరీగోడమీదుగా నాతో ననినది యిది: “అంకుల్, ఇంకా ఎన్నాళ్ళు దీన్ని సాకుతారు? అమ్మితే డెబ్బై వేలు రాని బండికి అరవై వేలు పెట్టి బాగుచేయిస్తారా ఎవరైనా?” రెండవవాడు చెక్‌పోస్టు దగ్గర షెడ్డు నడుపుకొను మెకానిక్. పదునాలుగేండ్లుగా మా బండిని ఎరిగినవాడు. అతడు కారు క్రిందినుండి దొర్లుకొనుచు వెలుపలికి వచ్చి, చేతులను పాతగుడ్డతో తుడుచుకొనుచు, “సార్, దీని గుండె మంచిగనే ఉంది. కీళ్ళే పోయినయ్,” అనెను. కొత్తబండి అమ్మువాడు మార్చుమనుటయు, పాతబండి బాగుచేయువాడు ఉంచుమనుటయు లోకసహజము. అయితే వీరిద్దరును స్వలాభమునకై చెప్పినవారు కారు. ఇద్దరి మాటయు సత్యమే. రెండు సత్యముల నడుమ నిలిచినవానికే చిక్కు ఎక్కువ.

ఈ చిక్కులో నాకు దారి చూపినది మోటారు శాస్త్రము కాదు, మన దేవాలయ సంప్రదాయము. గుడి శిథిలమైనప్పుడు మనవారు ‘కొత్తగుడి’ యనరు, ‘మరమ్మతు’ అనియు ననరు, ‘జీర్ణోద్ధరణము’ అందురు. మొన్నమొన్న మన కన్నులయెదుట జరిగిన యాదగిరిగుట్ట పునర్నిర్మాణమును తలచుకొనుడు. పనులు సాగిన ఆ యేండ్లలో నిత్యపూజలు బాలాలయములో జరిగినవి. నల్లరాతి మండపములు, గోపురములు కొత్తగా లేచినవి. 2022 మార్చి 28న ప్రధానాలయము తిరిగి తెరువబడినది. చుట్టునున్న దంతయు మారినను గుహలోని స్వయంభూమూర్తి మాత్రము కదలలేదు. అనగా జీర్ణోద్ధరణకు పూనుకొనువాడు మొట్టమొదట తేల్చుకొనవలసినది, మూలవిరాట్టు ఏది, మండపమేది అని. మండపము కూలినచో కట్టుకొనవచ్చును. మూలమునకే భంగము వచ్చినచో ఎంత సున్నము పూసినను ఫలము లేదు.

కారునకు మూలవిరాట్టు ఏది? అడుగునున్న ఉక్కుకట్టడము, ఇంజను. తక్కినవన్నియు మండపములే. చట్టము సైతము చేసిస్ నంబరును, ఇంజను నంబరునే పట్టుకొనుటలో ఈ వివేకమున్నది. కాబట్టి ఒక ఆదివారము ఉదయమున మెకానిక్ షెడ్డులో ఆ రెంటి పరీక్ష జరిగినది.

ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి అతడు పొగగొట్టము దగ్గర గొంతుకూర్చుండెను. నీలిపొగ వచ్చినచో పిస్టన్ రింగులు అరిగి చమురు కాలుచున్నదని గుర్తు. ఎంతసేపటికిని విడువని తెల్లపొగ వచ్చినచో రేడియేటరు నీరు లోనికి దిగుచున్నదని. నల్లపొగ వచ్చినచో పెట్రోలు పూర్తిగా కాలుట లేదని. మా బండి నుండి మొదట కొద్దిగా ఆవిరి వచ్చి, పిమ్మట ఏమియు కన్పింపలేదు. తరువాత చమురు పోయు మూతను విప్పి, వెల్లకిల త్రిప్పి నాకు చూపెను. లోపలిభాగమున పాలమీగడ వంటి నురుగున్నచో నీరు చమురులో కలియుచున్నదేమోయని అనుమానింపవలెను. అప్పుడు ఇంజను తల విప్పవలసిన పని పడవచ్చును. మా మూతకు తేనెవన్నె జిడ్డు తప్ప మరేమియు లేదు. ఆపైన కాళ్ళక్రింది చాపలను తీసి, స్క్రూడ్రైవరు మొనతో అడుగు రేకును అంగుళమంగుళము పొడిచి చూచెను. తుప్పు తినిన రేకు అప్పడమువలె విరుగును. గట్టి రేకు టంగుమని పలుకును. మాది అన్నిచోట్ల పలికినది, వెనుక చక్రము పైభాగమున ఒక్కచోట తప్ప.

ఇందు నా గొప్పయు లేదు, బండి గొప్పయు లేదు. ఈ దక్కను పీఠభూమి గాలి గొప్పతనము. విశాఖపట్టణములోనో కాకినాడలోనో సముద్రపు ఉప్పుగాలిలో పందొమ్మిదేండ్లు నిలిచిన బండికి అడుగురేకు ఈపాటికి జల్లెడయై యుండెడిది. మన పొడిగాలి ఉక్కును కాపాడును. కాని దానికి బదులుగా రబ్బరును తినును. మన వేసవియెండకు గొట్టములు బీటలువారును, బుష్షులు పెళుసెక్కును, తలుపుల అంచుపట్టీలు పొడుముపొడుమై రాలును. అందుచేతనే ఈ ప్రాంతపు పాతబండ్లకు మెకానిక్ చెప్పిన లక్షణము సరిగా సరిపోవును: గుండె మంచిది, కీళ్ళు పోయినవి.

పిమ్మట ఎస్టిమేటు. చిన్న చీటీమీద అతడు వ్రాసియిచ్చిన పద్దుల మొత్తము 64,000 రూపాయలు. ఆ చీటీని ఇంటికి తెచ్చి నేను మూడు వరుసలుగా తిరుగవ్రాసితిని. మొదటిది, బండి ఆగుటకు సంబంధించినవి: బ్రేకులు 6,000, నాలుగు టైర్లు 14,000. రెండవది, బండి నడచుటకు సంబంధించినవి: క్లచ్ ప్లేటు, దానితోపాటు చమురు కారు సీలు 10,000, ముందుచక్రముల లోయర్ ఆర్ములు, షాకబ్జర్లు 13,000, రేడియేటరు, దాని గొట్టములు 5,000. మూడవది, సుఖమునకు సంబంధించినది: ఏ.సి. కంప్రెసరు 16,000. ఇట్లు విడదీయగానే 64,000 అను భూతము చిన్నదైనది. మొదటి వరుసలో బేరము లేదు. ఆగని బండిని రోడ్డెక్కించు హక్కు ఎవ్వరికిని లేదు. రెండవ వరుసను ఆలోచింపవచ్చును. మూడవది వచ్చే వేసవి వరకు ఆగగలదు.

ఆ రెండవ వరుసలోని చమురు సీలు సంగతి మీకు చెప్పవలెను. మా షాబాదు బండమీది మరకకు మూలకారణము అదే. ఇంజనునకును గేరుబాక్సునకును నడుమ, చేతిగాజంత వలయాకారపు రబ్బరు ముక్క. దాని వెల కొలదివందలు. కాని దానిని చేరుటకు గేరుబాక్సును క్రిందికి దింపవలెను. ఆ కూలి వేలలో నుండును. నాలుగేండ్ల క్రిందట నగరములోని ఒక సర్వీసు కేంద్రమున మా బండికి క్లచ్ వేయించినప్పుడు గేరుబాక్సు దిగనే దిగినది. ఆ సమయమున ఆ ముక్కను మార్చవలెనని అక్కడివారికి తోచలేదు, అడుగవలెనని నాకు తెలియలేదు. మాది కొండలమీదికి పోవు బండి కాకపోయినను, రహదారిపై లారీల వెనుక ఆగుచు సాగుచు ఆ క్లచ్ అరిగి మరల మార్చు దశకు వచ్చినది కావున, ఈ పర్యాయము రెండు పనులును ఒక్క దింపుడులో జరుగునట్లు ఏర్పాటు చేసికొంటిమి. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యని పెద్దలందురే, అది మోటారు షెడ్డులో నిత్యకృత్యము.

ఇప్పుడు పక్కింటి యువకుని ప్రశ్నకు రండు. డెబ్బదివేల బండికి, ఏ.సి. పోగా మొదటి రెండు వరుసలకే 48,000 పెట్టుట వివేకమా? ఈ ప్రశ్న ధర్మముగానే తోచును. నన్నును చాల దినములు తికమకపెట్టినది. కాని యిందులో పోల్చరాని రెంటిని పోల్చుట జరిగినది. నేను బండిని అమ్ముటకు బాగుచేయించుట లేదు, ఎక్కుటకు బాగుచేయించుచున్నాను. మరమ్మతు వెలను పాతబండి అమ్ముడుధరతో పోల్చరాదు. ఆ మరమ్మతు చేయించనిచో నేను పెట్టవలసివచ్చు వెలతో పోల్చవలెను. ఆ వెల ఎంత? రోడ్డెక్కువరకు ఏడు లక్షలగు చిన్నకారు ననుకొనుడు. చేతినుండి రెండు లక్షలు కట్టి, తక్కిన అయిదు లక్షలు నూటికి తొమ్మిది వడ్డీతో అయిదేండ్లకు అప్పు తెచ్చినచో నెలకు 10,379 రూపాయల కిస్తు. అనగా నా మరమ్మతంతయు కలిసి అయిదు నెలల కిస్తునకు సరిపోదు. బండి మరి పదునెనిమిది నెలలు నడచినచో నెలకు 2,667 రూపాయలు పడును. రెండేండ్లు నడచినచో 2,000.

కొత్తబండి పెట్రోలు తక్కువ త్రాగునందురు. నిజమే. నేను నెలకు ఆరువందల కిలోమీటర్లు తిరుగుదును. లీటరునకు పదునైదు కిలోమీటర్లిచ్చు మా బండికి నలుబది లీటర్లు, ఇరువదిచ్చు కొత్తబండికి ముప్పది లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కను మిగులునది వేయిన్ని డెబ్బది. ఆ మిగులు కిస్తులో పదవవంతునకు వచ్చును. ఇన్సూరెన్సు కూడ అంతే. మా బండివంటి వేయి సి.సి. లోపలి కారునకు థర్డ్ పార్టీ ప్రీమియము సంవత్సరమునకు 2,094 రూపాయలు. కొత్తకారునకు సంపూర్ణమైన పాలసీ లేనిదే అప్పిచ్చువాడు ఒప్పుకొనడు. మీదుమిక్కిలి, పాలసీలో కొత్తబండి విలువను ఆరునెలలు దాటగానే నూటికి పదునైదు, అయిదవ సంవత్సరము వచ్చునప్పటికి సగము తరుగు వేయుదురు. పాతబండి తరుగవలసినదంతయు ఎన్నడో తరిగినది.

ఇంతవరకు చెప్పినది విని, ఈయన పాతబండి పక్షపు వకీలని మీరనుకొనవచ్చును. కాదు. మరమ్మతు వెలను రూపాయలలో గాక, అది మనకు కొనియిచ్చు నెలలలో కొలువవలెనన్నదే నేను చెప్పదలచిన మాట. ఈ కొలబద్ద రెండువైపుల పదునైనది. నా లెక్కల పుస్తకములో గడచిన మూడేండ్ల ఖర్చు వరుసగా 9,000, 14,000, 22,000. ఈ మెట్లు ఎటు పోవుచున్నవో చూచుటకు గణితశాస్త్రము అక్కరలేదు. ఒక్కొక్క మరమ్మతు కొనియిచ్చు నెలలు తగ్గిపోవుచుండగా, ‘ఇప్పటికే ఇంత పెట్టితిమి, ఇప్పుడు విడుచుటెట్లు’ అని మరికొంత పెట్టుట, జూదములో పోయినదానిని జూదముతోనే రాబట్టుకొనవలెననుట వంటిది. పోయిన సొమ్మును లెక్కలో వేయరాదు. రాబోవు నెలలనే వేయవలెను.

అంతకన్న గొప్ప పరిమితి మరొకటి కలదు. మరమ్మతు పోయినదానిని తిరిగి తేగలదు గాని, పుట్టుకతో లేనిదానిని తేజాలదు. 2019 నుండి ప్రతి కొత్తకారులోను డ్రైవరు ముందర ఎయిర్‌బ్యాగు, గట్టిగా బ్రేకు నొక్కినను చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. తప్పనిసరియైనవి, 2022 నుండి పక్కసీటునకు కూడ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. మా బండిలో ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. ఎంత నిపుణుడైన మెకానిక్ అయినను వానిని అమర్చలేడు. ఔటర్ రింగురోడ్డుమీద వేగపరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచిరి. ఆ వేగముతో దూసుకొనిపోవు బండ్ల నడుమ, ఎనుబదికే స్టీరింగు వణకు పాతకారులో మనుమరాలిని కూర్చుండబెట్టుకొని పోవుట పొదుపు కాదు, తెగింపు. నేడు బంకులో పోయు పెట్రోలులో ఇరువది శాతము ఇథనాలు కలియుచున్నది. 2007 నాటి రబ్బరు గొట్టములను దానికై తయారుచేయలేదు. ఎండకు ఎటులును పెళుసెక్కిన ఆ గొట్టములను మార్చునప్పుడు ఈ కారణమును కూడ కలుపుకొనవలెను.

కావున ఈ ప్రశ్నకు జవాబు బండిని చూచి చెప్పదగినది కాదు, ఎక్కువానిని చూచి చెప్పవలసినది. శామీర్‌పేట దాటి తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో రాత్రి షిఫ్టు చేయు ఉద్యోగి ఉన్నాడు. తెల్లవారుజాము మూడు గంటలకు రాజీవ్ రహదారిమీద బండి ఆగినచో ఆతనికి అండ లేదు. అట్టివాడు మా మెకానిక్ మాట వినరాదు, మా పక్కింటి యువకుని మాట వినవలెను. కారును అద్దెకు త్రిప్పి పొట్టపోసికొను డ్రైవరు ఉన్నాడు. షెడ్డులో బండి నిలిచిన ప్రతిదినము ఆతని యింట పొయ్యి నిలుచును. అతడు మరమ్మతు వెలతోపాటు పోయిన దినములను గుణించుకొనవలెను. ఇక నావంటి పింఛనుదారు: ఉదయము కూరగాయలు, వారమున కొకసారి ఆసుపత్రి, శనివారము గుడి, ఎప్పుడైన చెరువుకట్టమీదికి షికారు. సికింద్రాబాదు పోవలసినచో 2023 ఏప్రిలు నుండి మేడ్చలునకు ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు ఉండనే యున్నది. నా బండి దారిలో ఆగినచో చెట్టునీడన నిలిచి మెకానిక్‌కు ఫోను చేయుదును. ఆతడు బైకుమీద వచ్చునంతవరకు నాకు పోవునది కాలమొక్కటియే, అది నాదగ్గర పుష్కలముగా నున్నది.

ప్రభుత్వ నియమములను గూర్చి రెండు మాటలు. పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లు, పదేండ్లు దాటిన డీజిలు బండ్లు తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఇచ్చిన ఆజ్ఞను 2018లో సుప్రీంకోర్టు సమర్థించినది; అది ఢిల్లీ రాజధాని ప్రాంతమునకు సంబంధించినది. దానిని విని భయపడి బండిని అగ్గువకు తెగనమ్ముకొనవద్దు. 2021లో కేంద్రము ప్రకటించిన తుక్కువిధానము ప్రకారము, అధీకృత కేంద్రములో బండిని తుక్కుక్రింద నిచ్చినవారికి కొత్తబండి షోరూము వెలలో నూటికి నాలుగునుండి ఆరువంతులు ముట్టజెప్పవచ్చుననియు, కొత్తబండి పన్నులో పాతికశాతము వరకు రాయితీ ఈయవచ్చుననియు కలదు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లమీద జి.ఎస్.టి. 18 శాతమునకు దిగినది. విద్యుత్కార్లకు మన రాష్ట్రమున 2026 డిసెంబరు 31 వరకు రోడ్డుపన్ను, రిజిస్ట్రేషను రుసుము మాఫీ. కాబట్టి మార్చుకొనదలచినవారికి ఇది చెడ్డకాలము కాదు. ఉంచుకొనదలచినవారికి వ్యయము పెరుగుచునే యుండును. ఇరువదియేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 2025లో 10,000 రూపాయలు చేసిరి.

మమకారమును గూర్చి ఒక్కమాటయు చెప్పకున్నచో నేను మీతో సత్యము పలికినవాడను కాను. 1983 డిసెంబరు 14న మొట్టమొదటి మారుతి 800 తాళపుచెవులను ప్రధాని ఇందిరాగాంధి చేతులమీదుగా అందుకొన్న హర్పాల్ సింగు అను ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి, 2010లో కన్నుమూయువరకు ఆ బండిని విడువలేదు. ఆయన పిమ్మట ఢిల్లీలో ఇంటిముందర ఎండకు వానకు పడియుండి తుప్పుపట్టిన ఆ బండిని, తరువాత కంపెనీవారు తీసికొనిపోయి యథాపూర్వముగా తీర్చిదిద్ది తమ కార్యాలయమున ప్రదర్శనకుంచిరి. మన చౌమహల్లా ప్రాసాదములో నిజాముగారి 1912 నాటి రోల్స్ రాయిస్ కూడ మెరయుచు నిలిచియున్నది. అవి చూచుటకు నిలిపిన బండ్లు. మా బండి ముందుసీటులో మా తల్లిగారు చివరిసారిగా ఆసుపత్రికి ప్రయాణము చేసిరి; ఆమె పట్టుకొను పైపిడిమీది నలుపు ఇప్పటికిని అరిగియున్నది. ఆ పిడికి నేను వెలకట్టలేను. కాని దానిని క్లచ్ ప్లేటు లెక్కలో కలుపుటయు తగదు. ఎప్పుడు బండిని సాగనంపినను ఆ పిడిని విప్పించి యింటనుంచుకొనవచ్చును. రెండు స్క్రూల పని.

తుదకు మేము తేల్చుకొన్నది ఇది. మొదటి రెండు వరుసల పనులను చేయించుట, ఏ.సి. సంగతి విడుచుట, ఔటర్ రింగురోడ్డు ఎక్కకుండుట, మనుమరాలితో దూరప్రయాణమైనచో అద్దెకారు పిలుచుకొనుట, 2027లో ఇరువదియేండ్లు నిండి రిజిస్ట్రేషను గడువు తీరునప్పుడు ఆ పదివేలును కట్టక, బండిని సగౌరవముగా తుక్కుకేంద్రమునకు పంపుట. ఈలోపల మూలవిరాట్టునకు, అనగా ఇంజనునకో అడుగుకట్టడమునకో పెద్దపని వచ్చినచో ఆనాడే సెలవు. ఈ నిబంధనలను లెక్కలపుస్తకము మొదటిపుటలో వ్రాసి, ఇరువురము సంతకములు చేసితిమి. మమకారము పెచ్చుపెరిగి నేను మాట తప్పుదునేమోయని సంతకము కోరినది నేను కాదు, ఆమె.

గేరుబాక్సు దిగినది, కొత్త సీలు పడినది, బండి ఇంటికి వచ్చినది. ఆ రాత్రి పరీక్షార్థము ఇంజను క్రింద మా బండమీద నాటి దినపత్రికను పరచితిమి. ఉదయమున లేచి చూతుము గదా, కాగితము నడుమ రెండు చుక్కలు! నాకు కాళ్ళు చల్లబడినవి. ఫోను చేయగా మెకానిక్ నవ్వి, “అది పాత చెమట సార్, తుడిచినంక మూలల్ల మిగిలింది. ఇంకో రాత్రి చూడండి,” అనెను. మరునాటి రాత్రి మరియొక పత్రికను పరచితిమి. తెల్లవారి ముగ్గుగిన్నెతో వచ్చిన నా అర్ధాంగి వంగి, దానిని క్రిందినుండి లాగి, అటునిటు త్రిప్పి చూచి, ఏమియు ననక నా చేతికిచ్చినది. ఆ పత్రికను నేను మొదటిపుటనుండి చివరిపుట వరకు చదివితిని.